ధర ఎక్కువన్నవాడి హక్కు

2025 ఏప్రిల్‌లో రాజమండ్రి 'అలేఖ్య చిట్టి పికిల్స్' పేరు ఊరూరా మారుమోగింది. పచ్చళ్ళ ధర ఎక్కువన్న మనిషికి వాట్సాప్‌లో బూతులతో జవాబు వెళ్ళింది. వీడియోలతో పేరొస్తే కొనేవాళ్ళకు ప్రశ్నించే హక్కు పోతుందా? మన వరంగల్ మండీబజార్‌లో ఆ మాట పడని దుకాణదారు ఉంటాడా?

దైవప్రవక్త (స)ను అప్పిచ్చిన ఒకతను పరుషంగా నిలదీశాడు. సహచరులు అతని మీదికి వెళ్ళబోతే ఆయన వారించారు. హక్కుదారుకు మాట్లాడే అధికారముందన్నారు. పైగా అతనికి రావలసిన ఒంటెకన్నా మేలైనదే ఇప్పించారు.

అక్కడ బాకీ ఉంది, ధర అడిగినవాడికి మనమేం బాకీ అంటారా? నిజమే, ధర తగ్గించనక్కర్లేదు. మర్యాదగా జవాబివ్వడం మాత్రం బాకీయే. ఇంట్లో కొత్తగా వ్యాపారం పెట్టిన మన ఆడపడుచులు "నూనె, కారం ఖర్చు ఇంత, అందుకే ఈ ధర భాయ్" అంటే చాలు. కొనడం, మానడం అతనిష్టం.