ఓడ నమూనా: లీలకూ శిల్పానికీ మధ్య

ఫలాన్ని ఆశించకుండా చేసే పనికి మనిషి జీవితంలో ఏ స్థానం ఇవ్వాలన్న ప్రశ్నను భారతీయ తత్త్వశాస్త్రం ఎక్కువగా యజ్ఞం, దానం, తపస్సు వంటి కర్మల విషయంలోనే చర్చించింది. అదే ప్రశ్నను ఓడ నమూనాల తయారీ వంటి చిన్న అభిరుచి విషయంలో వేసి చూస్తే, పెద్ద కర్మల చాటున మరుగున పడిన కొన్ని సూక్ష్మాంశాలు బయటికి వస్తాయి. ఓడ నమూనా అంటే ఒకప్పుడు నీటిమీద నిజంగా తిరిగిన ఓడ కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, అడుగుదూలం మొదలు తెరచాప తాడు వరకు ప్రతి భాగాన్నీ విడిగా చెక్కి, అసలు ఓడను కట్టిన వరుసలోనే కూర్చిన ప్రతిరూపం. దానిని అమ్మకానికి చేయరు, పిల్లల చేతికి ఇవ్వరు, చాలావరకు నీటిలోకి కూడా దింపరు. అయినా లోకంలో అనేక దేశాల్లో ఎందరో తీరిక వేళలన్నీ దీనికే ధారపోస్తూ, ఒక్కొక్క నమూనాకు ఏళ్లు వెచ్చిస్తూ, తమ వంటి వారితో కలిసి సంఘాలుగా ఏర్పడి పనిని పంచుకుంటున్నారు. భారతదేశంలో ఎన్‌సీసీ నౌకాదళ విభాగపు శిబిరాల పోటీల్లో ఓడ నమూనా తయారీ ఒక అంశం కావడం వల్ల, ఈ విద్య కళాశాల విద్యార్థులకు కూడా కొంత పరిచయమే.

గోదావరి డెల్టాలోని పెనుగొండ వంటి ఊరి నేపథ్యంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. నగరేశ్వరస్వామి, వాసవీ కన్యకాపరమేశ్వరి కొలువైన ఈ పట్టణాన్ని ఆర్యవైశ్యులు తమ మూలస్థానంగా భావిస్తారు. భగవద్గీత వైశ్యునికి చెప్పిన కృషి, గోరక్షణ, వాణిజ్యం అనే మూడింటిలో మూడవది ఇక్కడి సామాజిక జీవితానికి తరతరాలుగా వెన్నెముకగా నిలిచింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు డెల్టా అంతటా అల్లుకున్న తరువాత, ధాన్యం బస్తాలతో పడవలు ఊరి నుంచి ఊరికీ రేవు నుంచి రేవుకీ నడిచిన ప్రాంతం ఇది. పడవ విలువను అది మోసే సరుకును బట్టి లెక్కగట్టిన చోట, ఏ సరుకునూ మోయని పడవను ఏళ్ల తరబడి చెక్కే మనిషి ఏ లెక్కకు అందుతాడు?

ఇక్కడ చరిత్ర కొంత అవసరమవుతుంది. పెనుగొండకు దక్షిణాన వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుకు చేరువగా ఉన్న నర్సాపురం, దాని పక్కనే ఉన్న మాధవాయిపాలెం పదిహేడవ శతాబ్దంలో పేరుమోసిన ఓడల నిర్మాణ కేంద్రాలు. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం తీరదేశాలను చూసి రాసుకున్న ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, ఇక్కడ మంచి కలప పుష్కలంగా దొరుకుతుందనీ, ఇనుము మేలైనదనీ, మేకుల నుంచి లంగర్ల వరకు ఇనుప పనిని స్థానికులే నేర్పుగా చేస్తారనీ, ఓడను నీటిలోకి దింపడంలో ఇక్కడి మేస్త్రులు చూపే నేర్పు లోకంలో మరెక్కడి వారికీ తీసిపోదనీ నమోదు చేశాడు. బౌరీ పొగడ్త కన్నా, ఈ మేస్త్రులు కొలతలను కాగితం మీద కాక చేతిలోనూ కంటిలోనూ నిలుపుకున్నారన్న సంగతి ఈ వ్యాసానికి ముఖ్యం. గోదావరికి తూర్పున కోరంగి కూడా ఇటువంటి రేవే. బర్మాకు వలస వెళ్లిన తెలుగువారందరికీ అక్కడ కోరంగీలన్న పేరే స్థిరపడిందంటే, ఆ రేవు నుంచి సాగిన రాకపోకలు ఎంతటివో ఊహించవచ్చు. ఈ తీరపు సరుకు ఓడ అయిన తోణిని గురించి 1830లలో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయిన వివరణ, దాని పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, లోతు 12 అడుగులు ఉంటుందనీ, అడుగు భాగం చదునుగా ఉంటుందనీ చెబుతుంది. ఇసుక మేటలు వేసిన నదీముఖాల్లో తిరగవలసిన ఓడకు చదును అడుగే సరైనది.

తాత్త్విక సమస్యకు వస్తే, మొదటి ఆక్షేపణ మీమాంసకులది. వేదంలోని కర్మభాగాన్ని విచారించే మీమాంసా దర్శనంలో ప్రముఖుడైన కుమారిలభట్టు, ప్రయోజనం తెలియనిదే మందబుద్ధి కూడా ఏ పనికీ పూనుకోడని నిర్ధారించాడు. ఈ సూత్రం ప్రకారం ఓడ నమూనా చేసేవాడికి ఏదో ఒక ఫలాపేక్ష, పేరో సంతోషమో కాలక్షేపమో, ఉండి తీరాలి. లేదా అతని పని అర్థం లేని చేష్ట కావాలి. ముండకోపనిషత్తు మరోవైపు నుంచి, ఫలం కోరి చేసే యజ్ఞకర్మలనే దృఢత్వం లేని పడవలని నిందించింది. ఒక దర్శనం ఫలం లేని పనిని ఒప్పుకోదు, మరొకటి ఫలం కోరిన పనిని నమ్మదు. వీటి నడుమ నమూనాకారుడి బల్లకు చోటు దొరకడం కష్టమే.

ఈ చిక్కు నుంచి బయటపడే దారిని బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం చూపుతుంది. ఏ లోటూ లేని బ్రహ్మం జగత్తును ఎందుకు సృష్టించాలి, ప్రయోజనం ఉంటే లోటు ఉన్నట్టే కదా అన్న ఆక్షేపణకు, అది కేవలం లీల అని సూత్రకారుడు సమాధానం చెప్పాడు. లీల అంటే ఏదో సాధించడానికి కాక, నిండుదనం నుంచి సహజంగా వెలువడే ఆట. కోరికలన్నీ తీరిన రాజు విహారాన్నీ, సంకల్పం లేకుండానే సాగే ఉచ్ఛ్వాస నిశ్వాసాలనూ శంకరులు దీనికి దృష్టాంతాలుగా చూపారు. అయితే వెంటనే వారొక జాగ్రత్త కూడా తీసుకున్నారు: లోకంలోని ఆటల్లో వెతికితే ఏదో సూక్ష్మమైన ప్రయోజనం కనిపించవచ్చు గాని, ఈశ్వరుని విషయంలో అదీ ఉండదని స్పష్టం చేశారు. ఓడ నమూనాల విషయంలో అత్యంత విలువైన మాట ఈ జాగ్రత్తే. మానవుడి ఆట పూర్తిగా లీల కాలేదు, ఎందుకంటే అతడు నిండినవాడు కాడు. కానీ జీవనోపాధికి చేసే పనులన్నిటికన్నా లీలకు దగ్గరగా వచ్చే పని అతనికి ఏదైనా ఉంటే, అది అమ్మకం లేని, వాడకం లేని, తొందర లేని ఇటువంటి పనే. మిగిలిన సూక్ష్మ ప్రయోజనం ఏమిటో కనిపెట్టడమే అసలు విచారణ.

ఆ ప్రయోజనానికి పేరు పెట్టినది ఐతరేయ బ్రాహ్మణం. ఋగ్వేదానికి చెందిన ఈ గ్రంథం, మనుషుల చేతిపనులన్నీ దేవశిల్పాలకు అనుకృతులని, అంటే వాటిని చూసి చేసిన ప్రతిరూపాలని వర్ణించి, శిల్పాలు చేసేవాడి ఆత్మను సంస్కరిస్తాయని చెబుతుంది. ఈ వాక్యంలో అనుకరణకూ ఆత్మసంస్కారానికీ ముడి వేయడం గమనించదగినది. సొంత ఊహ ఎటు పోతే అటు చెక్కేవాడికి ఆనందం ఉంటుంది గాని, తప్పొప్పుల నియమం ఉండదు. నమూనాకారుడు మాత్రం తన కన్నా ముందే ఉన్న ఒక ఓడకు విధేయుడు; పలక వంపు తనకు ఎంత నచ్చినా, అసలు ఓడలో అలా లేకపోతే దానిని విప్పి మళ్లీ చేయవలసిందే. ఇష్టానికీ నిజానికీ మధ్య ఇలా పదేపదే నిజాన్నే ఎంచుకోవలసి రావడం వల్ల జరిగే మార్పును ఆత్మసంస్కారమనడం అతిశయోక్తి కాదు.

ఈ విధేయతకు ఆలయశిల్పంలో ఒక శాస్త్రమే ఉంది. తాలమానం అనే ఆ పద్ధతిలో, ముఖం పొడవును ఒక తాలంగా, అంటే పన్నెండు అంగుళాలుగా తీసుకుని శరీరాన్నంతా దానితో కొలుస్తారు. నవతాల ప్రతిమ ఎత్తు 108 అంగుళాలు. ఈ అంగుళం స్థిరమైన పొడవు కాదు, విగ్రహాన్ని బట్టి మారే భాగం. కాబట్టి పూజాపీఠం మీది చిన్న వాసవీమాత ప్రతిమకూ, పెనుగొండకు వచ్చే భక్తులు తలెత్తి చూసే మహావిగ్రహానికీ పరిమాణంలో పోలిక లేకపోయినా, రూపంలో భేదం ఉండనవసరం లేదు. దైవసన్నిధి కొలతను బట్టి తగ్గదన్న విశ్వాసం వెనుక ఈ నిష్పత్తి సూత్రం నిలబడి ఉంది. ఓడలకూ ఇటువంటి ప్రమాణాలు లేకపోలేదు. భోజరాజు పేరిట ఉన్న యుక్తికల్పతరువు నౌకలను పొడవు, వెడల్పు, ఎత్తుల లెక్కతో వర్గీకరించి, ఏ కలప దేనికి తగునో కూడా నిర్ణయించింది.

అయితే నిష్పత్తి లోకాన్నంతా తనతో పాటు తగ్గించలేదు. 70 అడుగుల తోణిని 48వ వంతుకు తగ్గిస్తే పదిహేడున్నర అంగుళాలవుతుంది. వెడల్పు ఐదు అంగుళాలు. పొడవు 48వ వంతుకు తగ్గినప్పుడు ఘనపరిమాణం 1,10,592వ వంతుకు పడిపోతుంది. టేకు చెక్కలోని ఈనెలు మాత్రం ఏమీ తగ్గవు. నిజమైన ఓడలో కంటికి ఆనని ఆ గీతలు, నమూనాలో వేలి మందం గాట్లలా కనిపిస్తాయి. తాడు పురి, బట్ట నేత, నీటి బిందువు కూడా అంతే. అందువల్ల అనుభవజ్ఞులు అసలు ఓడలో వాడిన కలపను వదిలి, ఈనెలు సన్నగా ఉన్న వేరొక కలపను ఎంచుకుంటారు. పదార్థంలో అసత్యాన్ని ఒప్పుకుంటే తప్ప రూపంలో సత్యం సిద్ధించదు. పరిమాణం మారగానే ఏది మారకుండా నిలుస్తుంది, ఏది నిలవదు అన్న విచక్షణ నమూనాకారుడికి చేతివేళ్ల ద్వారా అబ్బుతుంది. వేదాంతంలో నిత్యానిత్యవస్తు వివేకం, అంటే నిలిచేదానినీ నిలవనిదానినీ వేరుచేసి గుర్తించే శక్తి, సాధకుడికి ఉండవలసిన మొదటి అర్హత. రెండూ ఒకటి కాకపోయినా, ఒకదాని అభ్యాసం మరొకదానికి అడ్డు కాదు.

ఇలా కూర్చిన వస్తువును చూసినప్పుడు కలిగే జ్ఞానం ఎటువంటిదన్నది మరొక ప్రశ్న. నాట్యశాస్త్రంలోని రససూత్రాన్ని వ్యాఖ్యానించిన శంకుకుడు, రాముడి వేషం కట్టిన నటుణ్ణి చూసి ఇతడు రాముడు అనుకునే ప్రేక్షకుడి అనుభవాన్ని వివరించడానికి చిత్రతురగ న్యాయాన్ని, అంటే బొమ్మలో గీసిన గుర్రం ఉదాహరణను తెచ్చాడు. ఆ గుర్రాన్ని చూసి గుర్రం అనడం యథార్థజ్ఞానం కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, కేవలం పోలిక చెప్పడమూ కాదు; అది ఈ నాలుగింటికీ వేరైన ప్రతీతి. అభినవగుప్తుడు శంకుకుడి సిద్ధాంతాన్ని మొత్తంగా అంగీకరించకపోయినా, ఈ ఒక్క పరిశీలన ఓడ నమూనాకు అతికినట్టు సరిపోతుంది. గాజుపెట్టెలోని తోణిని చూసి ఇది తోణి అనేవాడు మోసపోవడం లేదు. అతని మనసు ఆ తోణి ఎక్కి, మేస్త్రి నిలబడిన చోట నిలబడి, చుక్కాని పట్టు ఎందుకు అక్కడే ఉందో గ్రహిస్తోంది.

ఆ గ్రహింపుకు అర్హుడిని అలంకారశాస్త్రం సహృదయుడంటుంది; కృతిలో లీనం కాగలిగేంతగా అభ్యాసంతో స్వచ్ఛమైన మనసు గలవాడని అర్థం. ఓడ నమూనాల ప్రపంచంలో సహృదయుడు సాధారణంగా మరొక నమూనాకారుడే. బయటివారు ఎంత అందంగా ఉందో అని మెచ్చుకుని సాగిపోతారు. తోటివాడు మాత్రం తెరచాప కొయ్య రెండు డిగ్రీలు ఎక్కువ వాలిందని చెబుతాడు. ఈ మాట గాయపరచవచ్చు, కానీ ఇదే అసలైన గౌరవం, ఎందుకంటే అది మనిషిని కాక ఓడను చూసి పలికిన మాట. పూర్వం శాస్త్రగోష్ఠుల్లో గెలుపు కన్నా తత్త్వనిర్ణయం కోసం సాగే చర్చను వాదమని, గెలుపు కోసమే సాగేదాన్ని జల్పమని న్యాయదర్శనం వేరుచేసింది. అభిరుచికారుల సమావేశాలు వాదంగా నిలిచినంత కాలమే అవి సాధనకు తోడ్పడతాయి. బహుమతులు, ప్రదర్శనలు, ఎవరి నమూనా గొప్పదన్న పోటీ ముదిరితే జల్పం మొదలవుతుంది, కుమారిలుడు అడిగిన ఫలం మళ్లీ లోపలికి జొరబడుతుంది.

మరి, పూర్తయిన నమూనాను దాచుకోవడం మమకారం కాదా? ఈ ఆక్షేపణకు గోదావరి తీరంలో చాలా బలం ఉంది. కార్తిక అమావాస్య మరునాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, ఈ ప్రాంతపు స్త్రీలు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నదిలోనో కాలువలోనో వదులుతారు. ఆ చిన్ని దోనె ఏ ఓడకూ ప్రతిరూపం కాదు, క్షణాల్లో చేసినది, వదిలివేయడానికే చేసినది. వినాయకుడి మట్టిప్రతిమ కూడా నిమజ్జనానికే పుడుతుంది. ఒడిశాలో కార్తిక పూర్ణిమనాడు పూర్వపు సముద్రవర్తకుల స్మృతిగా వదిలే బొమ్మ ఓడలదీ ఇదే మార్గం. ప్రాచీన ఈజిప్టులో మాత్రం మెకెట్రే అనే అధికారి సమాధిలో 1920లో దొరికిన, దాదాపు 4,000 ఏళ్ల నాటి చెక్క పడవలు, పరలోకంలో యజమానికి పనికిరావాలని భద్రపరచినవి. వదిలేయడం, దాచడం అనే ఈ రెండు సంప్రదాయాల్లోనూ నమూనాకు ఒక గమ్యం ఉంది. అభిరుచికారుడి నమూనాకు అటువంటి గమ్యం లేదు గనుక, దాని సమర్పణ చివర జరగదు. ఇష్టాన్ని పక్కనపెట్టి పలకను విప్పిన ప్రతిసారీ అది కొంచెం కొంచెంగా జరిగిపోయి ఉంటుంది. ఆ తరువాత వస్తువు ఇంట్లో ఉన్నా, బడికి ఇచ్చినా పెద్ద తేడా లేదు.

దాచడం వల్ల మరొకరికి కలిగే మేలు కూడా చిన్నది కాదు. కోరమండల్ తీరానికి 1830 ప్రాంతాల్లో లా ఫావరీట్ ఓడ మీద వచ్చిన ఫ్రెంచి నౌకాదళ అధికారి ఫ్రాన్స్వా ఎడ్మాన్ పారీ, తాను చూసిన దేశాల పడవలన్నిటినీ కొలిచి గీసి 1840లలో గ్రంథంగా ప్రచురించాడు. 1871 నుంచి 1893లో మరణించే వరకు పారిస్ నౌకా ప్రదర్శనశాలకు అధిపతిగా ఉండి, ఆ కొలతలతో నమూనాలు చేయించాడు. డెల్టాలో ఎవరైనా తోణిని కట్టదలిస్తే, ఒకవైపు పరదేశి కొలతలనూ, మరోవైపు తాళ్లరేవు ప్రాంతంలో నేటికీ చెక్క పడవలు కట్టే మేస్త్రుల చేతినీ ఆశ్రయించాలి. మొదటిది ప్రత్యక్షం, కళ్లారా చూసి కొలిచినది. రెండవది ఆప్తవాక్యం, తెలిసినవారి నోటి నుంచి వంశక్రమంగా వచ్చినది. ఈ రెండు ప్రమాణాలూ ఒక పలక వంపు దగ్గర విభేదించినప్పుడు, కాగితం మీదనైతే రెండింటినీ పక్కపక్కన రాసి ఊరుకోవచ్చు. చెక్క కోసే వేళకు మాత్రం నమూనాకారుడు ఒకదాన్ని ఎంచుకుని, దేని ఆధారంగా ఎంచుకున్నాడో తోటివారికి చెప్పగలగాలి.