చోడిజావ చిక్కగా కాయండి

బిడ్డ చిక్కిపోతే మన ఇళ్లలో ముందు దిష్టి తీస్తారు. తీయనివ్వండి, పోయేది ఉప్పూ మిరపకాయలే! కానీ ఆ తల్లినే నెమ్మదిగా అడగండి: విరేచనాలు పట్టుకున్నాక తిండి మానేశాడనీ, మళ్లీ కడుపు పండి పాలు తగ్గాయనీ తనే చెబుతుంది. వైద్యులు చెప్పేదీ దాదాపు అదే. రాయగడ జిల్లా రామనగుడ లాంటి చోట్ల తల్లికి ఏమీ తెలియదనడం అన్యాయం. ఆమెకు లేనిది తీరిక. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు రోజుకు రెండు మూడుసార్లు మెత్తటి తిండి కావాలి. పొలంలో ఉన్న మనిషి ఎలా పెడుతుంది? చోడిజావ చిక్కగా కాచి, పప్పూ కాస్త నూనే కలిపి నాన్నో తాతో పెట్టొచ్చు. అంగన్‌వాడీలో బిడ్డ జబ్బ చుట్టుకొలత తీయించండి. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.