ఒకే మాట, రెండు అర్థములు

చదువుడి: యెహోషువ 22:10–34

1907 డిసెంబరు 27వ తేదీన, తపతీ నదీతీరమందలి సూరతు పట్టణములో, భారత జాతీయ కాంగ్రెసు మహాసభ చెదరిపోయెను. తిలకుగారు మాటలాడుటకు వేదిక యెక్కగా అధ్యక్షులు రాస్ బిహారీ ఘోష్‌గారు అనుమతింపలేదు. కేకలు మిన్నుముట్టెను, చెప్పు ఒకటి విసరబడెను. ఒకే దేశమును సేవింపవచ్చినవారు మితవాదులనియు అతివాదులనియు చీలిపోయిరి.

ఈ కలహమునకు బీజము అంతకుముందటి సంవత్సరముననే పడెను. 1906లో కలకత్తా సభయందు దాదాభాయి నౌరోజీగారు "స్వరాజ్యము" అను మాట పలికినప్పుడు ఇరుపక్షములవారును దానిని అంగీకరించిరి. అయితే మితవాదులు దానిని బ్రిటిషు వలసరాజ్యములకున్నట్టి స్వపరిపాలనగా గ్రహించిరి; అతివాదులలో అనేకులు పూర్ణ స్వాతంత్ర్యముగా గ్రహించిరి. "బహిష్కారము" అను మాటయు అట్టిదే. విడువవలసినది విదేశీ వస్తువులను మాత్రమేనా, ప్రభుత్వముతోడి సహకారమును కూడనా? తీర్మానము ఒక్కటే గాని భావములు రెండు.

సూరతులో దీనికి వాస్తవమును గూర్చిన వివాదము తోడయ్యెను. కలకత్తా తీర్మానములను నీరుకార్చనున్నారని అతివాదులు అనుమానించిరి, మితవాదులు కాదనిరి. ముసాయిదా ముందుగా ప్రతినిధుల చేతికందలేదు. వారి మధ్య నిజమైన అభిప్రాయభేదములు లేకపోలేదు. కాని దాగియున్న భేదము వాటిని నెమ్మదిగా చర్చింపనీయలేదు. తిరిగి కలియుటకు 1916 లక్నో సభవరకు వేచియుండవలసివచ్చెను.

ఇట్టి సంకటమే పూర్వము యొర్దాను ఒడ్డున కలిగెను. రూబేనీయులును గాదీయులును మనష్షే అర్ధగోత్రపువారును గొప్ప బలిపీఠము కట్టిరని విని, తక్కిన ఇశ్రాయేలీయులు యుద్ధమునకై షిలోహులో కూడిరి. వారు కన్నది సత్యమే. దానికి చెప్పుకొనిన అర్థము తప్పు. అయితే కత్తి దూయకముందు ఫీనెహాసును పదిమంది ప్రధానులను పంపి అడిగించిరి. ఆ పీఠము బలులకు కాదు, సాక్ష్యమునకే యని తేలెను. అడిగినవారు ఆలకించిరి, యుద్ధము నిలిచిపోయెను.

పండితుల వాదములందును సంఘపు కూటములందును నేటికిని జరుగుచున్నది ఇదియే. ఒకే మాటను పలుకుచు వేరువేరు సంగతులను తలంచువారు, ఎదుటివాడు మూర్ఖుడనియో కపటియనియో తలంతురు. మన దేశపు తార్కికులు పూర్వపక్షమును చక్కగా చెప్పిన తరువాతనే తమ సిద్ధాంతమును స్థాపించుచుండిరి. అది కేవలము తర్కనియమము కాదు. పొరుగువానియెడల చూపవలసిన న్యాయము, ప్రేమయొక్క మొదటి క్రియ.

నేటి తలంపు: ఎదుటివాని మాటను, అతడు ఔనని ఒప్పుకొనునట్లు, తిరిగి చెప్పగలవాడే దానిని ఖండించుటకు అర్హుడు.