పేరున్న రాళ్ళు

మా నూజివీడు వైపు మామిడి కోతలయ్యాక చేతికి కాస్త తీరిక చిక్కుతుంది. ఈ ఏడు ఆ తీరికలో హనుమాన్ జంక్షన్, గుడివాడ మీదుగా బందరు వెళ్ళాను. అక్కడి డచ్చివాళ్ళ సమాధులు చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను.

డచ్చివాళ్ళు 1605లో బందరులో వర్తకం మొదలుపెట్టారు. మన నేతగాళ్ళు నేసిన బట్టలు ఓడలకెత్తారు. కరువు రోజుల్లో ఈ తీరం నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా కొనుక్కుపోయారు. వాళ్ళ సమాధుల మీద పెద్ద పెద్ద రాతిపలకలు, వాటి మీద వంశచిహ్నాలు, చెక్కిన అక్షరాలు. పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. ఆ భాష నాకు రాదు. అయినా ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివాను.

అక్కణ్ణించి బందరు కోటకి వెళ్ళాను. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ రాత్రివేళ దాడి చేసి ఫ్రెంచివాళ్ళ దగ్గర్నించి ఈ కోటని పట్టుకున్నాడు. గెలిచిన ఫోర్డ్ పేరూ, ఓడిన కాన్‌ఫ్లాన్స్ పేరూ చరిత్రలో ఉన్నాయి. రెండు వైపులా పోరాడిన మన సిపాయిలు మాత్రం అంకెలుగా మిగిలారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో పోయినవాళ్ళు సుమారు 30,000 మంది. వాళ్ళూ ఒక అంకే.

ఇదేం న్యాయం అని కోపమొచ్చింది. ఆ కోపంతోనే తిరిగొస్తుంటే, దారిలో మా తోట సంగతి గుర్తొచ్చింది.

నాకు పదేళ్ళప్పుడు మా చిన్నరసాల చెట్టు మీంచి పడి ఒక కూలీ చనిపోయాడు. తోట గుత్తకిచ్చేశాం, అతను గుత్తేదారు మనిషి, మనకేం సంబంధం అన్నారు ఇంట్లో. ఆ ఏడు కూడా ఆ చెట్టు కాయలు తిన్నాం. అతని పేరు నాకు తెలీదు.

నాన్నని అడిగాను.

"ఇప్పుడెందుకురా అవన్నీ? పేరు తెలిస్తే పోయినవాడు తిరిగొస్తాడా?" అన్నాడు.

రాడు. పోయినవాడికి రాయితోనూ పనిలేదు, పేరుతోనూ పనిలేదు. నాన్న మాట అంతవరకూ నిజమే. కానీ పేరు తెలిసుంటే ఊరు తెలిసేది. ఆ ఇంట్లో ఎవరు మిగిలారో, ఎలా బతికారో తెలిసేది. అవన్నీ తెలిశాక సంబంధం లేదనడం అంత తేలిక కాదు. మా మరుపు మాకు లాభించింది.

అలాగని డచ్చి సమాధులు కూలిపోవాలని అనను. ఆ వర్తకుల పేర్లు మిగిలాయి కాబట్టే, మీరిక్కడ ఏం చేశారని ఇవాళ వాళ్ళని అడగగలుగుతున్నాం. పేరుంటే గౌరవమూ దక్కుతుంది, జవాబుదారీ కూడా తప్పదు. మా తోటలో ఆ రెండూ లేకుండా పోయాయి.

మొన్న ఒక పాత మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయనకి పేరూ గుర్తుంది, ఊరూ గుర్తుంది.

"ఇన్నేళ్ళకి అడిగారా బాబూ" అన్నాడు.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ముందు ఆ ఊరు వెళ్ళాలి. వెళ్ళి ఏమని మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు.