పెరటితోట – పెరుమాళ్ళ సొత్తు

భగవంతుడు భక్తుని నుండి కోరునది మిక్కిలి స్వల్పము. ఒక ఆకు గాని, ఒక పువ్వు గాని, ఒక పండు గాని, కొంచెము నీరు గాని భక్తితో సమర్పించినచో తాను ప్రీతితో స్వీకరింతునని శ్రీకృష్ణపరమాత్మ గీతలోని తొమ్మిదవ అధ్యాయమున, 26వ శ్లోకమున సెలవిచ్చెను. ఈ మాటను మనమందరము పలుమార్లు వినియున్నాము. కాని అందులోని ఒక విశేషమును అంతగా గమనింపము. స్వామి పేర్కొన్న నాలుగు వస్తువులును గృహస్థుని పెరటిలోనే లభించును. బంగారమును ఆయన అడుగలేదు, పట్టువస్త్రమును అడుగలేదు. ధనవంతునకును, దరిద్రునకును సమానముగా అందుబాటులో నుండు వానినే అడిగెను. కనుక పెరడు ఆ శ్లోకమునకు మన యింట వెలసిన వ్యాఖ్యానము వంటిది.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల వారికి ఈ వ్యాఖ్యానము చిరపరిచితము. తాడేపల్లిగూడెము మెట్టకును డెల్టాకును నడుమ నున్న ఊరు. ఉత్తరమున ఎఱ్ఱనేలలు, దక్షిణమున కాలువ నీటితో పండు వరిచేలు. 2007వ సంవత్సరమున ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయము ఈ ఊరికి చేరువనున్న వెంకటరామన్నగూడెమునందే నెలకొన్నది. ఆ మెట్ట గ్రామములలోని పెరళ్ళలో జామ, సపోటా, నిమ్మ, సీతాఫలము, ఉసిరి చక్కగా కాచును. కాలువ క్రింది ఊళ్ళలో అరటి, కొబ్బరి, కంద, బచ్చలి, పందిరిమీది ఆనప, బీర, పొట్ల సమృద్ధిగా నుండును. ఏలూరు వంటి పట్టణమున స్థలము కఱవైనను, మిద్దెమీద నాలుగు కుండీలలో తులసి, మందార, నందివర్ధనము పెంచుకొను గృహిణులు ఎందఱో కలరు.

కొల్లేటి లంకలలోని వారి శ్రమ వేఱు. బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చిన ఏట అచ్చటి పెరళ్ళు నీట మునుగును. 2024వ సంవత్సరము సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి గ్రామములను ఎట్లు ముంచినదో మనము చూచియున్నాము. వేసవిలో మఱియొక బాధ: ఉప్పుటేరు మార్గమున సముద్రపు ఉప్పునీరు ఎగదన్నును. అట్టి చోట ఒక తులసిమొక్కను ఏడాది పొడుగునా పచ్చగా నిలుపుకొనుట ఒక వ్రతమే. వరద వచ్చునపుడు సామానుతోబాటు తులసికుండీని కూడ మెరకకు చేర్చుకొను ఇల్లాలికి భక్తి యననేమో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ఈ ప్రాంతమునకు ఇలవేలుపై వెలసిన ద్వారకా తిరుమల స్వామిని ఒకసారి స్మరింపుడు. భీమడోలుకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున శేషాచలముపై, ద్వారకమహర్షి తపస్సునకు మెచ్చి, పుట్టలో స్వయంభువుగా స్వామి వెలసెనని స్థలపురాణము. అచ్చట మనకు దర్శనమిచ్చునది స్వామి దివ్యమంగళ విగ్రహములోని పైభాగమే. క్రింది భాగము పుట్టలోనే యున్నది. పాదసేవ కూడ భక్తులకు లభింపవలెనని భగవద్రామానుజులవారు వెనుకనొక పూర్ణవిగ్రహమును ప్రతిష్ఠించిరని పెద్దలు చెప్పుదురు. స్వయంభూమూర్తికి అభిషేకము లేదు. నీటిబొట్టు పడినను పుట్టలోని చీమలు కదలునని ప్రసిద్ధి. ఆలయమునకు చేరువనే పూజకై పెంచిన పూలతోటలు కలవు.

స్వామి పాదములు మట్టిలో నున్నవను ఈ భావమును పెరటిలో పనిచేయువారు మననము చేయదగును. మనము గునపముతో త్రవ్వు నేల, చేతితో మెదుపు మన్ను ఆ పాదములను దాచుకొన్న భూదేవియే. తెల్లవారి లేచి తులసిమొదట పోసిన చెంబెడు నీరు వ్యర్థము కాదు. అభిషేకము లేని స్వామికి అది మన అభిషేకమని భావించినను దోషము లేదు.

అయినను ఈ పూలమొక్కల విషయముననే మన ఇండ్లలో రెండు దోషములు ప్రబలియున్నవి. సూటిగా చెప్పుకొనుటయే మంచిది.

మొదటి దోషము వేకువజామున బయలుదేరును. చేత సజ్జ పట్టుకొని, ప్రక్కయింటి ప్రహరీమీదుగా చేయి చాచి, కొమ్మ వంచి, ఉన్న మందారములన్నియు కోసికొనిపోవువారు ప్రతి వీథిలోను కలరు. అడిగినచో, "దేవునికే కదా! పూజకు కోసిన దొంగతనము కాదు" అని సమాధానము. మొక్క నాటినది ఒకరు, ఎరువు వేసినది ఒకరు, చీడ పట్టిన ఆకులపై బూడిద చల్లినది ఒకరు. వారి పూజకు ఒక్క పువ్వైనను మిగుల్పక తెచ్చిన పూలతో అర్చన చేయుచు, మనస్సు నిర్మలముగా నున్నదని అనుకొనుట ఎంతటి భ్రమ! పూజకు అష్టవిధపుష్పములు కలవని పెద్దలు చెప్పిరి. వానిలో మొదటిది అహింస, రెండవది ఇంద్రియనిగ్రహము. దయ, క్షమ, సత్యము మొదలగునవి తరువాతివి. ఇతరుల మనస్సు నొప్పించి తెచ్చిన మందారముతో ఆ మొదటి పుష్పమే వాడిపోయినది.

రెండవ దోషము ప్రహరీకి లోపలి వైపున నున్నది. అది మఱింత సూక్ష్మము. మొక్క నాది, పువ్వు నాది, నా స్వామికే గాని మఱియొకరికి ఒక రేకైనను దక్కరాదు అను పట్టుదల యది. ఆటలాడుకొను పిల్లవాడు ఒక జామకాయ కోసినచో కఱ్ఱ పుచ్చుకొని వెంటబడుదురు. పనిచేయుటకు వచ్చిన ఆమె తలలో పెట్టుకొనుటకు రెండు కనకాంబరములు అడిగినచో ముఖము ముడుచుకొందురు. సంక్రాంతికి గొబ్బిళ్ళపై పెట్టుకొనుటకు గుమ్మడిపూవు అడుగవచ్చిన బాలికలను గుమ్మము నుండియే మరలించు ఇండ్లును లేకపోలేదు. స్వామి పేరు చెప్పి మనము పెంచుకొనుచున్నది తోటనా? మమకారమునా?

ఈ రెండవ దోషము సామాన్యులకే గాదు, మహాభక్తులకును పరీక్షయై నిలచినది. అనంతాళ్వారుల చరిత్రయే అందుకు నిదర్శనము. తిరుమలకొండపై పూలతోట పెంచి స్వామికి పుష్పకైంకర్యము చేయువారెవరని రామానుజులవారు సభలో ప్రశ్నింపగా, చలికిని అడవికిని వెఱవక లేచి నిలచినవారు ఆయన యొక్కరే. తిరుమలకు చేరి, తోటకు నీరు కావలెనని చెఱువు త్రవ్వనారంభించిరి. ఆయన త్రవ్వుచుండ, నిండుగర్భిణియైన ధర్మపత్ని మన్ను మోయుచుండెను. ఆమె కష్టమును చూచి జాలిగొన్న ఒక బాలుడు తట్ట అందుకొని సాయపడెను. గురువుగారి ఆజ్ఞ తమది, ఈ కైంకర్యములో అన్యులకు భాగము లేదని ఆళ్వారులు కోపించి చేతి గునపమును విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు పరుగెత్తి కనుమఱుగయ్యెను. తరువాత ఆలయమున చూడగా మూలవిరాట్టు గడ్డము నుండి రక్తము స్రవించుచుండెను. ఆళ్వారులు కన్నీరు మున్నీరుగా విలపించి ఆ గాయమునకు పచ్చకర్పూరము అద్దిరి. స్వామి చుబుకముపై నేటికిని పచ్చకర్పూరము అలంకరింపబడుచున్నది. ఆ గునపము మహాద్వారమువద్ద యాత్రికులకు నేటికిని కనబడుచున్నది.

అనంతాళ్వారుల భక్తిలో లోపము లేదు. శ్రమలో లోపము లేదు. లోపమంతయు "నాకే" అను ఒక్క మాటలో నున్నది. ఆ ఒక్క మాట గునపమై తగిలినది స్వామికే. మన పెరటిలో జామకాయకై వచ్చిన బాలుని గద్దించునపుడు ఆ గడ్డముపై కర్పూరమును ఒకసారి తలచుకొనవలెను.

ఇంతటితో కథ ముగియలేదు. ఆ తోట సిద్ధమై పూలు విరియబూచిన పిమ్మట రాత్రివేళ ఎవరో పూలు కోసికొనిపోవుచుండిరట. ఆళ్వారులు కాపు కాచి చూడగా, రాకుమారుని వలె నున్న ఒక పురుషుడును, అతని దేవియు కనబడిరి. ఆయన పరుగెత్తి తప్పించుకొనెను, ఆమె చిక్కెను. ఆళ్వారులు ఆమెను సంపెంగచెట్టునకు కట్టివేసిరి. తెల్లవారినంతట ఆలయమున స్వామి వక్షఃస్థలమున అమ్మవారు లేకుండుట తెలిసెను. ఆళ్వారులు అమ్మవారిని పూలబుట్టలో కూర్చుండబెట్టుకొని, కన్నతండ్రి కుమార్తెను అత్తవారింటికి తెచ్చిన విధముగా స్వామి సన్నిధికి తెచ్చిరట. స్వామి ఆనాడు తోట నుండి అప్రదక్షిణముగా పరుగెత్తినందుకు గుర్తుగా తిరుమలలో బ్రహ్మోత్సవముల మఱునాడు బాగ్ సవారి ఉత్సవము నేటికిని జరుగుచున్నది.

ఈ రెండు వృత్తాంతముల నుండి ప్రహరీకి ఇరువైపుల నున్నవారును ఒక్కొక్క పాఠము నేర్వవలెను. తోట పెంచినవాడు, "నా పువ్వు కోయవచ్చినవాడు స్వామియే యేమో" అని సందేహింపవలెను. ఒకప్పుడు ఆయనయే వచ్చియున్నాడు కదా! కోయవచ్చినవాడు మాత్రము, "నేను స్వామిని కాను" అని గుర్తుంచుకొని, తలుపు తట్టి అడిగి కోసికొనవలెను. ఈ రెండు బుద్ధులును కలిగినచో వీథిలో తగవు ఉండదు; పూజలో మాలిన్యము ఉండదు.

దీనికి మూలము రామానుజ సిద్ధాంతమున కలదు. చేతనములును అచేతనములును సర్వము భగవంతుని సొత్తు. ఆయన శేషి, మనము శేషులము. విత్తనములో మొలకను పెట్టినది మనము కాదు. ఎండను, వానను పంపినది మనము కాదు. మనము తోటమాలులమే గాని తోటకు యజమానులము కాము. శ్రీవిల్లిపుత్తూరులో తులసివనము పెంచిన విష్ణుచిత్తులు ఈ భావముతోనే పనిచేసిరి. ఆయనకు ఆ వనముననే గోదాదేవి లభించెను. ఆ కథను తెలుగువారికి ఆముక్తమాల్యదగా ప్రసాదింపుమని శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో ఆనతిచ్చినది కృష్ణాతీరమున, మన పొరుగుననున్న శ్రీకాకుళమునందే.

పూల విషయము ఇట్లుండగా కూరగాయలను తక్కువగా చూడరాదు. ద్రౌపదీదేవి అక్షయపాత్రలో అంటుకొనియున్న ఇంచుక కూరమెతుకును ఆరగించియే కృష్ణుడు తృప్తిచెందెను. దూర్వాసుడును ఆయన శిష్యగణమును ఆకలి తీరి వెనుదిరిగిరి. కనుక పెరటి తోటకూర కట్టయైనను, కందయు బచ్చలియు కలిపి వండిన కూరయైనను మొదట స్వామికి నివేదింపబడినపుడే ప్రసాదమగును. చాతుర్మాస్యమున మొదటినెల శాకవ్రతమని కూరలు విడిచిపెట్టు ఆచారము కలదు. పెరటినిండ కూరలు వేలాడుచుండగా వానిని ముట్టక యుండుటయు, కాచినవానిని ఇతరులకు పంచుటయు, ఇది నాది కాదని నేర్పు పాఠమే.

ఇక నిర్మాల్యము మాట. స్వామికి అర్పించిన పూలను మఱునాడు ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి కాలువలో విసరుట పుణ్యమని కొందఱి నమ్మకము. గోదావరి నుండి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరునకు వచ్చు కాలువ లక్షలమందికి జీవనాధారము. పట్టణముల మురుగును, పొలముల మందునీరును మోసికొని కాలువలు, డ్రెయిన్లు తుదకు కొల్లేరు చేరుచున్నవి. ఆ సరస్సును 1999వ సంవత్సరమున పక్షిసంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. 2006లో చేపలచెఱువుల గట్లను తొలగించిరి. అయినను నీటిమాలిన్యము తీఱలేదు. గజేంద్రుడు స్వామికి ఎత్తిపట్టినది సరస్సులోని తామరపువ్వు. మన తామరసరస్సును మురుగుగా మార్చి, మల్లెపూలతో గజేంద్రవరదుని పూజించుట ఎట్టి పూజ? నిర్మాల్యమునకు తగిన చోటు పూచిన మొక్క మొదలే. అచ్చట చిన్నగుంట తీసి మన్ను కప్పినచో అది ఎరువగును. స్వామి ప్రసాదము మరల పూవై స్వామినే చేరును. పూలకు ఘాటైన పురుగుమందులు చల్లకుండుటయు ఇట్టిదే. తేనెటీగ కూడ ఆ తోటలో ఒక సేవకురాలు.

మథురానగరమున సుదాముడను మాలాకారుడు బలరామకృష్ణులకు పూలమాలలు సమర్పించెను. వరము కోరుకొమ్మని స్వామి యనగా అతడు సంపద కోరలేదు. స్వామియందు భక్తిని, భక్తులతో మైత్రిని, సర్వభూతములయందు దయను కోరెనని భాగవతము చెప్పుచున్నది. పూలు పట్టుకొన్న చేతులు కోరదగిన వరము అదియే.

కావున భాగవతోత్తములారా! పెరడున్నవారు పెరటిలో, లేనివారు కుండీలో, ఒక తులసిని, ఒక పూలమొక్కను, ఒక కూరపాదును పెంచుడు. మొదటి పువ్వును, మొదటి కాయను స్వామికి అర్పింపుడు. రెండవదానిని పొరుగువారికి ఇండు. మిగిలినది మీ యింటికి చాలును. అడిగినవారికి ముఖము చిట్లింపక ఇచ్చునట్లును, అడుగక కోయకుండునట్లును మీ పిల్లలకు నేర్పుడు. మట్టిలో పాదములు దాచుకొన్న ద్వారకా తిరుమల వాసుడు మీ పెరటి మట్టిని తన పాదధూళిగా అనుగ్రహించి, మీ యిండ్లను పచ్చగా నిలుపుగాక!

శ్రీనివాసార్పణమస్తు.