చేతులెత్తించి తేల్చే సంగతి కాదు



ధమ్మ బంధువులారా, 2024 ఎన్నికల ముందు మార్కాపురంలో ఒక టీ అంగడి దగ్గర విన్న మాటతో మొదలుపెడతాను. ఎండ మండిపోతా ఉంది. ప్రచారం జీపులు మైకులు పెట్టుకుని తిరుగుతున్నాయి. వెలిగొండ నీళ్ళు, మార్కాపురం జిల్లా, ఇవే మాటలు. అవి మనకు కావలసిన మాటలే, కాదనను. అంతలో ఒకాయన పేపరు మడిచి పక్కనపెట్టి, "ఢిల్లీలో వీళ్ళొస్తే మగోళ్ళకు మగోళ్ళతోనే పెళ్ళి చేస్తారంట, ఇక మన పిల్లలకు సంబంధాలు చూసే పని తప్పింది" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నవ్వినోళ్ళలో మనోళ్ళు ఇద్దరున్నారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

ఆ తర్వాత వచ్చిన పున్నమికి వందన అయిపోయి అందరూ లేస్తుంటే ఒక ఉపాసిక వెనకాల ఆగిపోయింది. పంచశీల తప్పకుండా చెప్పుకునే తల్లి. కొడుకు బెంగుళూరులో పని చేస్తాడు. "అన్నా, మూడో శీలం ఉంది గదా, మగపిల్లోడు మగపిల్లోడితో కలిసుంటే ఆ శీలం తప్పినట్టేనా?" అని అడిగింది. ఎవరి గురించి అడుగుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. చూసి చెప్తానమ్మా అని పంపించేశాను. ఆ చూసి చెప్పేదే ఈ పుస్తకం.

ముందు, ఆ పేపర్లో అసలు ఏముందో చూద్దాం. 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్ పార్టీ తన మేనిఫెస్టోలో ఒక మాట రాసింది. అందరితో సంప్రదించాక స్వలింగ జంటల సివిల్ యూనియన్లను గుర్తించే చట్టం తెస్తామని. సీపీఎం కూడా తన మేనిఫెస్టోలో అలాంటి జంటలకు చట్టబద్ధ గుర్తింపు కావాలంది. ఏ పార్టీకి ఓటేయాలో చెప్పడానికి నేనిది రాయడం లేదు. సివిల్ యూనియన్ అంటే గుడి, చర్చి, మసీదు దేనితోనూ పని లేకుండా, ఇద్దరు మేజర్లు కలిసి బతుకుతున్నారని ప్రభుత్వం తన దస్త్రంలో రాసుకోవడం. అంతే. ఒకరు ఆసుపత్రిలో పడితే రెండోవాళ్ళు సంతకం పెట్టడానికి, బ్యాంకులో నామినీగా ఉండటానికి, రేషన్ కార్డులో ఒకే ఇల్లుగా ఉండటానికి. ఎవరినీ బలవంతంగా ఎవరికీ ముడిపెట్టే చట్టం కాదది.

ఈ మాట ఊరికే పుట్టలేదు. హైదరాబాదులో ఉండే ఒక జంట సుప్రీంకోర్టుకు వెళ్ళింది, వాళ్ళతో పాటు ఇంకా చాలామంది వెళ్ళారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. సివిల్ యూనియన్ దగ్గర మాత్రం ఇద్దరు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు చీలారు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ గుర్తించాలన్నారు. మిగతా ముగ్గురు అది పార్లమెంటు పని అన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు. కాబట్టి ఇప్పుడు బంతి పార్లమెంటులో ఉంది, అంటే ఓట్లడిగేవాళ్ళ చేతిలో ఉంది. రేపటి ఎన్నికల్లోనూ ఈ మాట రాకమానదు, నవ్వడానికో, భయపెట్టడానికో.

ఆ కేసు నడుస్తుండగా, 2023 మే నెలలో, అప్పటి మన రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకు ఏం చెప్పిందో తెలుసా? రాష్ట్రంలో వేరువేరు మతాల పెద్దలను అడిగాం, అందరూ వద్దన్నారు, కాబట్టి మేమూ వద్దంటున్నాం అని. చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఈ పక్క గిద్దలూరు, కంభం నుంచి ఆ పక్క దోర్నాల దాకా నాకు తెలిసిన ఏ బౌద్ధ ఉపాసకుడినీ ఎవరూ వచ్చి అడగలేదు. అడగలేదన్న అలక కాదు నాది. అడిగి ఉంటే మనం ఏం చెప్పేవాళ్ళం? అది నన్ను కలవరపెట్టింది. టీ అంగడి దగ్గర నవ్విన నవ్వే మన జవాబు అయ్యేదా?

సరే, ధమ్మం ఏం చెప్తుందో చూద్దాం. మూడో శీలం కామేసు మిచ్ఛాచారం వద్దంటుంది. మిచ్ఛాచారం అంటే ఏమిటో సుత్తాల్లో విడమర్చి ఉంది. తల్లి సంరక్షణలోనో, తండ్రి సంరక్షణలోనో, అన్నదమ్ముల సంరక్షణలోనో ఉన్న స్త్రీ జోలికి, ఇంకొకరి భార్య జోలికి, నిశ్చయమైన పిల్ల జోలికి పోవడం. మొత్తం జాబితా చదవండి. అందులో ఉన్నదల్లా ఒకరి నమ్మకం వమ్ము చేయడం, ఒకరిమీద బలవంతం చేయడం, ఒకరిని మోసం చేయడం. ఇద్దరు మేజర్లు ఇష్టపడి, ఎవరినీ మోసం చేయకుండా కలిసుండటం ఆ జాబితాలో లేదు. లేనిదాన్ని మనం చేర్చకూడదు. మగోడు భార్యను కొడుతూ ఇంకో ఇల్లు పెడితే అది మూడో శీలం తప్పడం. దాని గురించి మన కాలనీల్లో ఎంతమంది మాట్లాడతారు చెప్పండి.

ఇంకో సంగతి. పెళ్ళి మనకు సంస్కారం కాదు, పవిత్ర తంతు కాదు. భిక్షువులు పెళ్ళి సంబంధాలు కుదర్చకూడదని వినయంలో నియమమే ఉంది, అది సంఘాదిసేసం అంత పెద్ద తప్పు. పెళ్ళి గృహస్థుల వ్యవహారం. సిగాలుడికి బుద్ధుడు చెప్పింది భార్యాభర్తలు ఒకరినొకరు ఎలా చూసుకోవాలో. గౌరవించడం, అవమానించకపోవడం, నమ్మకంగా ఉండటం. ముహూర్తం గురించి, అగ్ని గురించి ఒక్క మాట లేదు.

కొందరు చదువుకున్నవాళ్ళు అడుగుతారు, వినయపిటకంలో పండకులకు దీక్ష ఇవ్వకూడదని ఉంది గదా అని. ఉంది. దాచిపెట్టను. అది భిక్షువుగా చేర్చుకోవడం గురించి, గృహస్థుడి బతుకు గురించి కాదు. ఆ మాటకు అర్థం ఏమిటన్నదాని మీద పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కానీ అదే వినయపిటకంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. ఒక భిక్షువుకు స్త్రీ లక్షణాలు వచ్చాయి. విషయం బుద్ధుడి దాకా వెళ్ళింది. వెలివేయమన్నాడా? లేదు. అదే ఉపాధ్యాయుడు, అదే ఉపసంపద, అవే వర్షావాసాల లెక్క, వెళ్ళి భిక్షుణుల్లో ఉండమన్నాడు. ఒక భిక్షుణికి పురుష లక్షణాలు వస్తే అదే తీర్పు ఇటువైపు. రెండున్నర వేల ఏళ్ళ కిందటి మాట. ప్రాయశ్చిత్తం లేదు, శిక్ష లేదు, సీనియారిటీ కూడా పోలేదు! ఇప్పటి ఆఫీసుల్లో సర్టిఫికెట్లో పేరు మార్చుకోవడానికి ఎన్నిసార్లు తిప్పుతారో మీకు తెలుసు.

బౌద్ధులు ఎక్కువున్న దేశాల సంగతి కూడా చూడండి. తైవాన్‌లో 2012లోనే చావో హ్వే అనే భిక్షుణి ఇద్దరు ఉపాసికల పెళ్ళి బౌద్ధ పద్ధతిలో జరిపించింది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి స్వలింగ పెళ్ళిళ్ళ చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ విహారాలేమీ కూలిపోలేదు.

ఇక బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1934లో ఆయన బొంబాయి హైకోర్టులో ఒక కేసు వాదించాడు. మన సభల్లో దీని గురించి ఎవరూ చెప్పరు. రఘునాథ్ కర్వే అనే ఆయన 'సమాజ్ స్వాస్థ్య' అని మరాఠీ పత్రిక నడిపేవాడు. పాఠకులు సెక్సు గురించి రాసి పంపిన ప్రశ్నలకు దాచకుండా జవాబులిచ్చేవాడు. వాటిలో స్వలింగ సంబంధాల ప్రశ్న కూడా ఉంది. బూతు రాశాడని ఆయన మీద కేసు పెట్టారు. ఆయన తరపున అంబేడ్కర్ హైకోర్టులో నిలబడ్డాడు. మనుషులు తెలుసుకోవాలని అడిగితే జవాబు చెప్పడం బూతెట్లా అవుతుందని వాదించాడు. కేసు ఓడిపోయాడు. చుట్టూ ఎన్నో పోరాటాలు ఉన్న సమయంలో, అందరూ ముఖం చాటేసిన మనిషి కేసు ఎందుకు తీసుకున్నాడో ఆలోచించండి.

నాకు తోచింది చెప్తాను. 1916లో, పాతికేళ్ళ వయసులో, ఆయన కులం గురించి రాసిన మొదటి వ్యాసంలోనే తేల్చేశాడు, కులానికి మూలం సొంత కులంలోనే పెళ్ళి అని. ఎవరు ఎవరిని చేసుకోవాలో నిర్ణయించే పగ్గం ఎవరి చేతిలో ఉంటే కులం వాళ్ళ చేతిలో ఉంటుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో మన పిల్లోణ్ణి ఆసుపత్రి ముందు నరికింది ఆ పగ్గం జారిపోతుందన్న కోపంతోనే. 2024 డిసెంబరులో మన హైకోర్టుకు ఒక కేసు వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకామెను తండ్రి తీసుకుపోయి నర్సీపట్నంలో ఇంట్లో పెట్టాడు. రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ వేసింది. ఆమె మేజర్, ఇష్టమైనవాళ్ళతో ఉండొచ్చు, ఇంటోళ్ళు అడ్డం రాకూడదని కోర్టు చెప్పింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆ అమ్మాయే అంది, అందుకే ఇంటోళ్ళ మీద చర్యలకు కోర్టు ఆదేశించలేదు. ఈ రెండు సంగతులూ ఒకటే అనను. ఒకచోట ప్రాణమే పోయింది. కానీ రెండు తలుపులకూ బిగించింది ఒకే గొళ్ళెం, దాని పేరు పరువు.

మన పెళ్ళిళ్ళ సంగతి మాత్రం ఏం? త్రిశరణాలు చెప్పుకుని, బుద్ధుడి బొమ్మ, బాబాసాహెబ్ పటం ముందు దండలు మార్చుకుంటాం. కాగితం మీద మాత్రం ఆ పెళ్ళి హిందూ వివాహ చట్టం కిందికే పోతుంది, మనకంటూ వేరే చట్టం లేదు. రిజిస్ట్రేషన్‌కు పోయిన మన జంటను, పురోహితుడెవరు, గుడి రశీదేదని ఒక ఆఫీసులో అడిగారు. ఆ పిల్లోడు వెనక్కొచ్చి నా దగ్గర ఏడవలేదు గానీ, గొంతు పూడుకుపోయింది. మా పెళ్ళి పెళ్ళి కాదా అన్నాడు. ఆ ప్రశ్న తెలిసినవాళ్ళం మనం.

ఇక ఎన్నికల మాట. ఎక్కువమంది వద్దంటున్నారు గదా, ప్రజాస్వామ్యం అంటే అదే గదా అని ఒకాయన నన్ను అడిగాడు. నేనాయనకు మహాడ్ చెప్పాను. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరికీ తెరిచామని తీర్మానం చేసింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగాడు. ఆగస్టు నెలలో అదే మునిసిపాలిటీ అదే తీర్మానాన్ని రద్దు చేసింది. చేతులెత్తి ఇచ్చారు, చేతులెత్తి లాక్కున్నారు. పదేళ్ళు కోర్టుల్లో తిరిగితే 1937లో గానీ తేలలేదు. మన పల్లెల్లో పెద్దోళ్ళకు చేద పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోసిన రోజుల్లో, ఊరి బావి మీద ఓటింగ్ పెట్టుంటే ఎన్ని చేతులు లేచేవి? తైవాన్‌లో కూడా 2018లో రెఫరెండం పెడితే ఎక్కువమంది వద్దనే అన్నారు. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అంతకుముందే తీర్పు ఇచ్చి ఉంది కాబట్టి 2019 మేలో చట్టం వచ్చింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ రాజ్యాంగ నైతికత గురించి చెప్పింది ఇదే, అది దానంతటది పుట్టదు, మనం నేర్చుకోవాలని. 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ విషయంలో తీర్పిచ్చినప్పుడు ఆ మాటే పట్టుకుంది. మనల్ని కాపాడిన మాట ఇంకొకరిని కాపాడితే మన వాటా ఏం తరిగిపోదు.

కొంచెం కదలిక వచ్చింది. 2024 సెప్టెంబరులో కేంద్రం, ఇలాంటి జంటలు రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా ఉండొచ్చని, జాయింట్ ఖాతా తెరుచుకోవచ్చని చెప్పింది. ఎంతమంది డీలర్లకు ఆ సంగతి తెలుసో నాకు నమ్మకం లేదు. అడిగేవాళ్ళు ధైర్యంగా అడగాలంటే, ముందు ఇంట్లో చెప్పుకోగలగాలి.

పోయిన పున్నమికి ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఇవన్నీ ఆమెకు చెప్పలేదు. మూడో శీలంలో అది లేదమ్మా అని మాత్రం చెప్పాను. తల వంచుకుని కాసేపు కూర్చుంది. "నవ్వుతారు గదన్నా మనోళ్ళు" అంది. నవ్వుతారమ్మా, నేనూ నవ్వినోణ్ణే అన్నాను. తర్వాత ఆమె సంచిలోంచి ఫోను తీసి, బెంగుళూరుకు ఎట్లా చెయ్యాలో, వీడియోలో ముఖం కనపడాలంటే ఏది నొక్కాలో చూపించమంది.

జై భీమ్. నమో బుద్ధాయ.