ఆ కోపం ఎవరిది?

నేనొక పిల్లోణ్ణి కొట్టాను. ఆ సంగతి దాచిపెట్టి మనసు గురించి ఏం రాసినా అబద్ధమే అవుద్ది.

మాది పల్నాడు. మాచర్ల దగ్గర ఒక ఊరి మాదిగపల్లె. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బళ్ళో మాస్టర్ని. మిరపకోతలు మొదలైతే మా బళ్ళో సగం బెంచీలు ఖాళీ. ఏడో తరగతి పిల్లోడొకడు పది రోజులు మాని వచ్చాడు. మా వాడ పిల్లోడే. ఆ ఉదయమే స్టాఫ్ రూములో తోటి మాస్టారొకాయన హాజరుపట్టీ చూస్తా, "మీ వాళ్ళకి చదువులెందుకులెండి మాస్టారూ" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

క్లాసులోకి పోయి, "ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళు?" అన్నాను. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. బదులు లేదు. పొగరనుకున్నాను. చెంప మీద కొట్టాను. వాడు చెంప పట్టుకున్నప్పుడు వేళ్ళు కనిపించాయి. మిరపకాయల మంటకి ఎర్రగా కంది ఉన్నాయి.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంది. ఆ చట్టం నాకు తెలుసు. తెలియంది నా మనసే.

ఆ చేతులు నాకు కొత్త కాదు. మా అమ్మ కోతల నుంచి వచ్చి, రాత్రుళ్ళు చేతులు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని కూచునేది. ఆ కూలితోనే నేను బీఈడీ దాకా చదివాను. జరిగింది చెబితే అమ్మ తిట్టలేదు. "నిన్నన్నది ఆయన గదంటరా. ఆ పిలగాడేం జేశాడు?" అంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కోపమనుకున్నదాని అడుగున సిగ్గుంది. సిగ్గు కింద భయముంది. చదువుకుని ఉద్యోగం చేస్తున్నా నన్నూ "మీ వాళ్ళ" లెక్కలోనే వేస్తారన్న భయం. ఆయన ముందు నవ్వయింది అదే. పిల్లోడి మీద దెబ్బయింది అదే.

కులం కాపురం మనుషుల మనసుల్లో అని బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లోనే తేల్చాడు. ఆయన చెప్పింది కులాన్ని పాటించే వాళ్ళ మనసు గురించి. అది మన మనసుల్లో కూడా చేరింది, సిగ్గు అనే పేరుతో. ఆ సిగ్గు నాలో పెట్టింది నేను కాదు. కానీ చెయ్యెత్తింది నేనే. తప్పంతా సమాజం మీదికి నెట్టేస్తే, రేపు కూడా నా చెయ్యి నా మాట వినదు.

మనసు సంగతులు కడుపు నిండినోళ్ళ మాటలని, మనకి కావలసింది భూమీ కూలీ అని మిత్రులంటారు. అవి కావాలి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఉద్యమం మనకి కోపాన్ని మింగవద్దని నేర్పింది. కానీ మిత్రులారా, ఎవరి మీదో గుర్తుపట్టని కోపం ఊరి వైపు పోదు. మన వాడలోనే తిరుగుద్ది. మన ఆడవాళ్ళ మీద, మన పిల్లల మీద పడుద్ది.

ఇప్పటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895లో పుట్టినవాడు జాషువా. 1941 నాటి ఆయన 'గబ్బిలం'లో అంటరానివాడికి గోడు చెప్పుకోటానికి మనిషి దొరకలేదు, గబ్బిలం దొరికింది. మా పిల్లోడికి నేనున్నాను. ఉండి కొట్టాను.

మర్నాడు క్లాసులో అందరి ముందూ "నాది తప్పురా. నా కోపం నీ మీద కాదు" అన్నాను. వాడు చాలాసేపు నేలచూపులు చూసి, "పెన్ను పట్టుకుంటే మంట సార్. అందుకే దాచా" అన్నాడు. ఆ రోజు వాడి నోట్సు నేను రాసిపెట్టాను.

తర్వాత స్టాఫ్ రూముకి పోయాను. "నిన్న మీ మాటకి నేను నవ్వకుండా ఉండాల్సింది. 'మీ వాళ్ళు' అనొద్దండి. వాడికో పేరుంది" అన్నాను. గొంతు వణికింది. ఆయన మాట్లాడలేదు. నాలో భయం పోయిందని చెప్పను. అది భయమేనని తెలిసింది. అందుకే ఈసారి నవ్వలేదు.